అత్త చదివిన పొగమనిషి

తమ్ముడు ఖమ్మంలో ఇంటికి రంగులు వేయిస్తూ అటక ఖాళీ చేయించాడు. మన పాత రేకుపెట్టె బయటపడింది, నువ్వు వచ్చేదాకా మూత తీయను అని ఫోన్ చేశాడు. ఇద్దరికీ తలలు నెరిసిపోయినా, ఆ పెట్టెను ఒకరు లేకుండా ఇంకొకరు తెరవకూడదని చిన్నప్పుడు పెట్టుకున్న ఒప్పందం ఇంకా అలాగే ఉంది. నేను వెళ్లాక హాల్లో చాప పరిచి చెరో వైపు కూర్చుని తుప్పు పట్టిన గొళ్లెం ఊడగొట్టాం. ఎండిన వేపాకు, కలరా ఉండలు, చెమ్మ పట్టిన కాగితం అన్నీ కలిసిన వాసన గుప్పుమంది. లోపల మా ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు, మేం పేర్చిన వరుసలోనే ఉన్నాయి.

నిజానికి ఆ పుస్తకాలను మేం ఒక్కసారి కూడా చదవలేదు. అవి మా చేతిలో ఉన్నప్పుడు మాకు ఇంగ్లీషు రాదు. మాకు ఇంగ్లీషు వచ్చేసరికి ఆ పెట్టె జూలూరుపాడులో నాయనమ్మ ఇంటి అటకెక్కింది. దాని ముందు మిరపకాయల బస్తాలు, వాటి ముందు విరిగిన మంచాలు చేరాయి. ఆమె పోయాక సామాను తమ్ముడి ఇంటికి వస్తే, వాడు ఏ పెట్టెలో ఏముందో చూడకుండానే పైకెక్కించేశాడు.

అందుకే కళ్లజోడు సవరించుకుని మొదటి పుస్తకం తెరిచి, బొమ్మల పక్కన బుడగల్లో ఉన్న మాటలు చదవడం మొదలుపెట్టినప్పుడు ఎంతో సంబరంగా ఉంది. రెండు పేజీలు తిప్పానో లేదో ఒళ్లు జల్లుమంది. తప్పు చదివానేమోనని మళ్లీ మొదటికి వెళ్లాను. తమ్ముడి వైపు చూస్తే వాడు ఇంకో పుస్తకం పట్టుకుని నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

“అక్కా, పొగమనిషి దొంగ అని రాసిండ్రేంది?” అన్నాడు.

నేను చదువుతున్న దాంట్లోనూ దొంగే. తలుపు సందుల్లోంచి పొగలా దూరి బ్యాంకులు దోచుకునే వాడు. గద్దముక్కు ముసుగు తొడుక్కుని గాలిలో ఎగురుతూ వచ్చి వాణ్ని పట్టుకునే వాడు అసలు వీరుడు. మా చిన్నతనమంతా మేం ప్రాణం పెట్టి ప్రేమించింది ఆ దొంగను. ఎవరి పేరు చెబితే నిండా దుప్పటి కప్పుకునే వాళ్లమో ఆ గద్దముక్కువాడు లోకరక్షకుడు. పుస్తకం తర్వాత పుస్తకం తిరగేశాం. అన్నింట్లోనూ అదే. అట్టలు అవే, బొమ్మలు అవే, మొర్రిపండ్ల రసంతో మేం చేసిన మరకలు కూడా అవే. కథ మాత్రం మేం విన్నది కాదు.

మాకు ఆ కథలు చదివి వినిపించింది మా మేనత్త.

అప్పట్లో మేం పాల్వంచలో ఉండేవాళ్లం. నాన్నది కరెంటు ప్లాంటులో షిఫ్టు పని. క్వార్టరుకు ముందొక గది, వెనకొక గది, దాని వెనక చిన్న వసారా. వసారాలో నిలబడి తలెత్తితే పొగగొట్టాలు కనిపించేవి. ఆరేసిన బట్టలను ఒకటికి రెండుసార్లు దులిపితే గానీ నాయనమ్మ మడతపెట్టేది కాదు. పక్క క్వార్టరులో ఉండే ఇంజనీరు గారికి బదిలీ అయినప్పుడు, వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయిపోయారని ఒక అట్టపెట్టె నిండా రంగుల పుస్తకాలు మాకు ఇచ్చి వెళ్లారు. కాలనీలో ఇంకే పిల్లల దగ్గరా అలాంటివి లేవు. వాటిని రేకుపెట్టెలోకి మార్చి గొళ్లెం పెట్టి, చేతులు కడుక్కున్న వాళ్లకు మాత్రమే దూరం నుంచి చూపించేవాళ్లం.

ఆ ఎండాకాలం అమ్మ కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఆమె వెళ్లిన కొద్దిరోజులకే అత్త పొద్దుటి బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. చేతిలో సంచి కూడా లేదు. వదిన లేదు కదా, వంటకు సాయం వచ్చింది అని నాయనమ్మ ఇరుగుపొరుగుకు చెప్పేది. అత్తను ఇచ్చిన ఊరు సత్తుపల్లి అవతల. మామిడితోటలున్న ఇల్లు. మామయ్య డిగ్రీ చదివినవాడు, చూడ్డానికి బాగుంటాడు, గొంతెత్తి మాట్లాడడు. అలాంటి అల్లుడు దొరకడం తమ అదృష్టమని నాయనమ్మ ఎప్పుడూ అనేది.

ఆ ఎండల్లో కూడా అత్త మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే వేసుకునేది. పొయ్యి దగ్గర కూర్చుంటే వీపంతా తడిసిపోయేది. మాకది కొత్త ఫ్యాషన్ అనిపించింది. నేను కూడా అలాంటి గౌను కుట్టించమని మారాం చేస్తే, నాయనమ్మ నా నెత్తిన ఒకటి మొట్టి ఊరుకుంది.

పొద్దున పూట అడవి ఊళ్ల నుంచి కోయ ఆడవాళ్లు మోదుగాకు దొప్పల్లో మొర్రిపండ్లు, తునికిపండ్లు తెచ్చేవాళ్లు. తమ భాషలో ఏదో అనుకుంటూ, నవ్వుకుంటూ కాలనీ అంతా తిరిగేవాళ్లు. అత్త వాళ్లకు ఉల్లిగడ్డలు, ఉప్పు ఇచ్చి కొంగు నిండా పండ్లు పోయించుకునేది. మొర్రిపండు నోట్లో వేసుకుంటే ముందు పులుపు, తర్వాత తీపి. తిన్నాక గింజలు కడిగి ఆరబెట్టి, రాయితో కొట్టి పప్పు తీసి మా చేతుల్లో పెట్టేది.

మధ్యాహ్నాలు కథలు. నాన్న నైట్ షిఫ్టు దిగి వచ్చి, పెరుగన్నంలో మామిడికాయ తొక్కు నంజుకుని, వెనక గదిలో పడుకునేవాడు. ఆ గది కిటికీ వసారాలోకి తెరుచుకునేది. అత్త మమ్మల్ని ఆ కిటికీ కింద కూర్చోబెట్టి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ గట్టిగా చదివేది. మమ్మల్ని మాత్రం నాన్న నిద్ర చెడుతుందని గుసగుసగా మాట్లాడమనేది.

అత్త చదివిన కథలో గద్దముక్కువాడు పైకి ఎంతో మర్యాదస్తుడు. ఊళ్లో ఎవరికి ఆపద వచ్చినా ముందు నిలబడతాడు. ఇంటికి రాగానే ఇంకో మనిషి. పసుపు గౌను వేసుకున్న అందమైన ఆమె అతని భార్య. పొద్దున్నే తోటకు పోతూ ఆమెను గదిలో పెట్టి బయట గడియ వేసిపోతాడు. తాగడానికి నీళ్లు కూడా ఉంచడు. అన్నం మాడితే ఒక శిక్ష, ఎదురు చెబితే ఇంకో శిక్ష. ఒక బొమ్మలో ఆమె మోచేతుల దాకా తెల్లటి తొడుగులు వేసుకుని ఉంటుంది.

“గీ తొడుగులు ఎందుకో ఎరుకనా బిడ్డా?” అని నన్ను అడిగింది అత్త. “పొయ్యిలకెళ్లి కట్టె తీసి కాల్చిండు. ఆ మచ్చలు కనబడకుండ తొడుక్కున్నది.”

అంత పెద్ద మేడలున్న పట్నంలో తోట ఎక్కడిదని తమ్ముడికి అనుమానం వచ్చింది. తోట మేడల వెనక ఉంటుందనీ, బొమ్మలు వేసేవాడు దాన్ని వేయలేదనీ అత్త చెప్పింది. వాడికి అది సబబుగానే తోచింది.

పొగమనిషి ఆ ఇంటికి తలుపు కింది నుంచి వచ్చేవాడు. బూడిదరంగు ఒళ్లు, కాళ్లు ఉండాల్సిన చోట పొగ. ఆమె పక్కన కూర్చుని, మనిషి పొగలా మారడం ఎట్లాగో కొంచెం కొంచెంగా నేర్పేవాడు. ఆమెకు ఒకరోజు వేళ్లు మారేవి, ఇంకోరోజు చెయ్యి మారేది. ఒళ్లంతా ఎప్పుడు మారుతుందా అని మేం ఎదురుచూసేవాళ్లం. అత్త ఆ సంగతి ఎప్పటికప్పుడు రేపటికి వాయిదా వేసేది. ప్లాంటు పొగగొట్టాల్లోంచే అతను వస్తాడని మేం నిర్ణయించుకున్నాం. ఆ పైన తేలిపోతున్న పొగలో అతని భుజం ఏది, తల ఏది అని గొడవపడేవాళ్లం.

ఆ నమ్మకంతోనే ఒక మధ్యాహ్నం పెద్ద అల్లరి పని చేశాం. అత్త కొళాయి దగ్గర బట్టలు పిండుతోంది. నాన్న నిద్రపోతున్నాడు. గడియ పెడితే మనిషి పొగవుతాడా లేదా చూడాలని తమ్ముడి ఆలోచన. నాన్న గది తలుపు చప్పుడు కాకుండా మూసి బయట గడియ పెట్టాం. పాత మూకుట్లో పచ్చి వేపాకు వేసి నిప్పు రాజేసి, పొగవడానికి సాయంగా ఉంటుందని తలుపు కింది సందుకు ఆనించి పెట్టాం. కాసేపటికి లోపలి నుంచి దగ్గు వినిపించింది. తర్వాత నాన్న తలుపు బాదడం మొదలుపెట్టాడు. మేం భయపడి దూరంగా జరిగాం.

అత్త ఆ చప్పుడు విని పరుగున వచ్చింది. గడియను చూసి ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. తర్వాత దాని మీద పడ్డట్టుగా రెండు చేతులతో లాగింది. పైకెత్తితే వచ్చే గడియ అది, ఆమె పక్కకు లాగుతూనే ఉంది. గోళ్లు చీలి రక్తం వచ్చింది. నోటి నుంచి ఏదో మూలుగు. చివరికి నేనే వెళ్లి గడియ ఎత్తాను. నాన్న బయటికి రాగానే తమ్ముడి చెంప పగిలింది. నాకూ పడేదే గానీ, అత్త గోడకు ఆనుకుని కింద కూలబడి వణికిపోతుండటం చూసి నాన్న ఆగిపోయాడు. ఆమెనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఏమైందని అడగలేదు. లోపలికి వెళ్లి మళ్లీ పడుకున్నాడు.

వానలు పడకముందే మామయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మామిడిపండ్ల బుట్ట. మా ఇద్దరికీ బిస్కెట్ పొట్లాలు తెచ్చాడు. ముందు గది అంతా పండ్ల వాసన. నాయనమ్మ కోడిని కోయించింది. భోజనాలయ్యాక పెద్దవాళ్ల మాటలు నడిచాయి. కోపతాపాలు ఏ ఇంట్లో ఉండవని నాయనమ్మ అంది. ఆడపిల్ల ఎన్నాళ్లు పుట్టింట్లో ఉంటుందని అంది. నాన్న నేలచూపులు చూస్తూ తలూపాడు. సాయంత్రం బస్సుకు అత్త వెళ్లేటట్టు తేలిపోయింది. లోపల అత్త చీరలు మడతపెట్టుకుంటోంది. నేను వెళ్లి కథ ఇంకా అయిపోలేదు కదా అంటే, ఆమె నా వైపు చూడలేదు.

మామయ్య చాప మీద ఒరిగి, అక్కడే పడి ఉన్న మా పుస్తకం అందుకుని తిరగేశాడు. కథ చెబుతాను రమ్మని మమ్మల్ని పిలిచాడు.

“ఈయనే హీరో. ఈ పొగవాడు దొంగ. చివర్లో వీణ్ని పట్టుకుని సీసాలో బంధిస్తాడు చూడండి” అన్నాడు.

తమ్ముడు ఊరుకోలేదు. “మీకు ఇంగ్లీష్ రాదు మామయ్యా. గద్దముక్కోడు పెండ్లాన్ని ఇంట్ల పెట్టి గడియ పెడ్తడు. తాగనీకి నీళ్లు గూడ ఇయ్యడు.”

“కట్టెతోని చేతులు కాలుస్తడు” అని నేనూ అందుకున్నాను. “గందుకే ఆమె చేతులకు తొడుగులు ఏసుకున్నది.”

మామయ్య పుస్తకం మూసేశాడు. “ఎవరు చెప్పారు మీకు?”

“అత్త చదివింది” అన్నాం ఇద్దరం.

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారిపోయాయి. అప్పటిదాకా మమ్మల్ని అలా చూసిన పెద్దమనిషి లేడు. నేను తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. నాయనమ్మ వక్క కత్తిరిస్తున్నదల్లా ఆగిపోయింది. నాన్న కుర్చీలోంచి లేచాడు.

“చెల్లె, ఇటు రా” అన్నాడు. అత్త గుమ్మం దాకా వచ్చి నిలబడింది. “చేతులు చూపియ్.”

పిల్లలు ఏదో వాగితే పట్టించుకుంటావా అని నాయనమ్మ అడ్డుపడబోయింది. నాన్న ఆమె వైపు తిరగలేదు. అత్త తలవంచుకుని జాకెట్టు చేతుల గుండీలు తీసి, ఒక్కొక్క చెయ్యే పైకి మడిచింది. మోచేతుల కింద చర్మం ముడుచుకుపోయి, అక్కడక్కడ నున్నగా మెరుస్తోంది. కొన్ని మచ్చలు నల్లబడ్డాయి, కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తమ్ముడు గట్టిగా, పొగమనిషి పుస్తకంలోని ఆమె నీకు తెలుసా అత్తా అని అడిగాడు.

“బావా, నువ్వు పో” అన్నాడు నాన్న. “ఆమె రాదు.”

పిల్లల పుస్తకం పట్టుకుని సంసారం చెడగొట్టుకుంటారా అని మామయ్య మెల్లగానే అన్నాడు. నాన్న ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. మామయ్య వెళ్లిపోయాడు. నాయనమ్మ ఆ సంబంధం తెగిపోయిందని గోడ వైపు తిరిగి ఏడ్చింది. మామిడిపండ్లను ఎవరూ ముట్టలేదు. అవి బుట్టలోనే మగ్గి, కుళ్లి, కొన్నాళ్లు ఇల్లంతా ఆ తియ్యటి కంపు కొట్టింది.

అమ్మ చంటిపిల్లతో తిరిగి వచ్చింది. అత్త ఆగిపోయిన చదువు పూర్తిచేసి, నర్సు ట్రైనింగుకు పోయి, భద్రాచలం దవాఖానాలో ఉద్యోగం చేసింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మామయ్యకు ఇంగ్లీషు రాదని తేలిపోయినందుకే సిగ్గుపడి వెళ్లిపోయాడని మేం చాలాకాలం అనుకున్నాం. పెద్దయ్యాక సంగతి అర్థమైంది, కానీ సగమే. పుస్తకంలో ఒక ఆడమనిషి బాధలు రాసి ఉంటే, అవి తన బాధల్లాగే ఉన్నాయని అత్త మాకు చదివి వినిపించిందని అనుకున్నాను. ఇప్పుడు తమ్ముడి ఇంట్లో చాప మీద కూర్చుని చూస్తే, పసుపు గౌను ఆమె ఎవరి భార్యా కాదు. పత్రికలో పనిచేసే ఆమె. ఆ తెల్లటి తొడుగులు విందుకు వేసుకున్నవి. గడియ లేదు, కట్టె లేదు, తోట లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పింది మామయ్య ఒక్కడే.

తమ్ముడు ఆగలేకపోయాడు. మర్నాడే పుస్తకాలు సంచిలో వేసుకుని, నన్ను కారులో ఎక్కించుకుని భద్రాచలం బయల్దేరాడు. అత్త అక్కడే చిన్న ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉంటోంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆమె పొట్టి చేతుల జాకెట్లే వేసుకుంటుంది. మచ్చలు వయసు ముడతల్లో కలిసిపోయాయి. పుస్తకాలు చూసి చంటిపిల్లలను ఎత్తుకున్నట్టు ఒళ్లోకి తీసుకుంది. మేం సంగతి చెబితే నవ్వింది.

“అప్పుడు నాకు ఇంగ్లీష్ ఎక్కడిది? తొమ్మిదో తరగతిల ఆపిండ్రు. బొమ్మలు చూసి నోటికొచ్చింది చెప్పిన” అంది.

ఇన్నేళ్లకైనా అసలు కథ తెలుసుకోవాలని తమ్ముడితో మొత్తం చదివించుకుంది. పొగమనిషిని సీసాలో పెట్టి బిరడా బిగించేదాకా శ్రద్ధగా విని, గింతేనా అని పెదవి విరిచింది. తమ్ముడు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులోనే నేను అడిగాను. మేం అప్పుడు పసివాళ్లం, మాకు చెబితే ఏం లాభం అనుకున్నావు అత్తా అని.

ఆమె పుస్తకం అట్టను అరచేత్తో తుడిచింది.

“మీకు చెప్పలే బిడ్డా. అమ్మకు చెప్తే సర్దుకపొమ్మన్నది. అన్న ఎదురుంగ నిలబడి చెప్పనీకి నాకు నోరు రాలే. కిటికీ అవతల పండుకొని ఉంటడు గదా, చెవుల పడ్తదని చెప్పిన.”

“నైట్ షిఫ్ట్ చేసి వచ్చినోడికి ఏం వినబడ్తది?” అన్నాడు తమ్ముడు. వాడికి నాన్న అంటే ప్రాణం. ఆ రోజు నాన్న కుర్చీలోంచి లేచిన తీరు ఇప్పటికీ నలుగురిలో లేచి నిలబడి చేసి చూపిస్తాడు.

“విన్నడు” అంది అత్త. “ఆఖరుకు ఆయన దవాఖాన్ల పడ్డప్పుడు నాతోనే చెప్పిండు. మొదటి రోజే సమజైందట. కథనే గదా అనుకొని అటు తిరిగి పండుకున్ననమ్మా అన్నడు.”

తమ్ముడి చేతిలోంచి పుస్తకం జారింది. వాడు దాన్ని తీసుకోలేదు. నాకు గడియ పెట్టిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. గోడ దగ్గర వణుకుతున్న చెల్లెల్ని చూస్తూ నిలబడ్డ నాన్నను అప్పుడు నేను, ఏమీ తెలియక నిలబడ్డాడనుకున్నాను. తెలిసే నిలబడ్డాడు. తెలిసే లోపలికి వెళ్లి పడుకున్నాడు. మామయ్య ముందు మేం నోరు విప్పకపోతే, తెలిసే ఆమెను బస్సెక్కించి ఉండేవాడు.

మా మొహాలు చూసి అత్త కంగారుపడింది.

“ఆయనను ఏమనుకోకుండ్రి” అంది. “ఆలస్యంగ లేచిండు, నిజమే. నా సర్వీసుల కాలిన ఆడపిల్లలను ఎంతమందిని చూసిన్నో మీకు తెల్వదు. వాళ్లకు గూడ అన్నలున్నరు. వాళ్లు అసలే లేవలే.”

అన్నం పెడతానని లేచి లోపలికి వెళ్లింది. మేం తిన్నామంటే తిన్నాం.

తిరుగు దారిలో తమ్ముడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా కారు నడిపాడు. పాల్వంచ దాటినా అటు ఇటు చూడలేదు. నేను నా పిల్లలకు బాల్యం గురించి చెప్పినప్పుడల్లా ఆ వేసవి సెలవుల గురించే చెప్పేదాన్ని. అంత హాయిగా ఎప్పుడూ లేనని, అత్త ఒడి పక్కన చేరి కథ వింటుంటే ఆకలి కూడా తెలిసేది కాదని. అందులో అబద్ధం ఏమీ లేదు. మేం నిజంగానే అంత హాయిగా ఉన్నాం. అదే వసారాలో, మాకు జానెడు దూరంలో కూర్చుని, ఆమె తనను కాపాడమని రోజూ కేకపెడుతూ ఉంది. తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అని మేం ఆమె మోకాలు పట్టుకుని ఊపాం.